కెప్టెన్ గారి చనిపోయిన భార్య

"ఈ వారం ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు నా పన్ను లెక్క చూశారు" అన్నాడు మా ఆయన అస్గేర్, ఫోన్‌లోంచి తలెత్తకుండా. నేను చేపముద్దలు వేయిస్తున్నాను. ఆ మాట నా వీపుతో అన్నాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ముఖ్యమైన మాటలన్నీ నా వీపుతోనే అంటారు. "ఒకావిడ హామర్ నుంచట. అరవై ఒకటిలో పుట్టింది. కాస్త పెద్దదే. అయినా పర్లేదు, గిరాకీ తగ్గలేదన్నమాట."

మా దేశంలో ఎవరెంత సంపాదించారో, ఎంత పన్ను కట్టారో ఎవరైనా చూడొచ్చు. కాకపోతే ఎవరు చూశారన్నది అవతలి మనిషికి తెలిసిపోతుంది. పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు. అందుకని పక్కింటాయన జీతమెంతో తెలుసుకోవాలని అందరికీ ఉన్నా సిగ్గుపడి ఊరుకుంటారు. అలాంటిది ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు, సముద్రం గాలి కూడా సోకని ఊళ్ళ నుంచి, స్కార్వాయ దీవిలో రక్షణ పడవ నడిపే ఒక మనిషి పేరు వెతికి చూస్తున్నారంటే వాళ్ళకి కావలసింది ఆయన జీతం కాదు. ఈ మనిషి నిజంగా ఉన్నాడా అని చూసుకుంటున్నారు. ఉన్నాడు. పేరు నిజం, వయసు నిజం, దీవి నిజం. ప్రభుత్వం లెక్కలో ఉన్నవాడు అబద్ధమెలా అవుతాడు? పుట్టిన దగ్గర్నుంచీ మేం అలాగే నమ్ముతూ వచ్చాం. మమ్మల్ని మోసం చెయ్యడానికి దొంగ పేరు కూడా అక్కర్లేదు, అసలు పేరు చాలు.

"నవ్వకు" అన్నాను. "వాళ్ళు నిన్ను వెతుక్కుంటూ రావట్లేదు. ఎవడో వాళ్ళని తోలుకొస్తున్నాడు."

"తోలుకొచ్చేవాడు నా ఫోటోనే ఎందుకు ఏరుకున్నాడంటావ్?" అని గడ్డం నిమురుకున్నాడు.

చేపముద్దలు రెండు మాడాయి. మాడినవి అలవాటుకొద్దీ నా పళ్ళెంలోనే వేసుకున్నాను.

ఇంటర్నెట్‌లో మా రక్షణ పడవ సంఘం పేజీ నడిపేది నేను. వృద్ధాశ్రమంలో డ్యూటీ దిగి, వంట చేసి, పెరట్లో చిన్నింట్లో ఉండే మా అత్తగారు బోర్గిల్‌కి మందులిచ్చి, అప్పుడు దాని ముందు కూర్చుంటాను. ఆ పని నా నెత్తికెక్కింది కూడా మీటింగులోనే. అస్గేర్ పడవలో ఇంజన్ చూసే కోరె "యోరున్‌కి రాయడం బాగా వచ్చు కదా, తను చూసుకుంటుందిలే, చందాలొస్తాయి" అన్నాడు. చేతులు లేచాయి, తీర్మానమైపోయింది. నా చెయ్యి లేచిందో లేదో ఎవరూ చూడలేదు, ఆ చేత్తో నేను వాళ్ళందరికీ కాఫీ పోస్తున్నాను. డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఆడవాళ్ళకి వచ్చిన విద్యలకి జీతాలేమిటి?

మొదట్లో "మా కెప్టెన్ ఇలా వెళ్ళాడు, అలా కాపాడాడు" అని రాసేదాన్ని. చప్పగా ఉందన్నారు. కెప్టెనే మాట్లాడుతున్నట్టు "నేను" అని రాస్తే జనం మనసు కరుగుతుందన్నారు. రాశాను. జనం మనసు కరిగింది. ఒకసారి "ఇంటికొచ్చేసరికి నా భార్య మేలుకునే ఉంది" అని రాస్తే కోరె ఫోన్ చేశాడు. "పెళ్ళాల సంగతి అందులో ఎందుకు యోరున్? పడవ గురించి రాయి." తీసేశాను. ఆ తర్వాత ఆ పేజీలో నేనెక్కడా లేను. నన్ను తీసేసిన ఆ ఖాళీలోనే, అస్గేర్ పేరూ ఫోటోలూ పెట్టుకుని, ఎవడో దొంగవెధవ వచ్చి కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు.

పోయిన చలికాలంలో పేజీకి మొదటి సందేశం వచ్చింది. "కెప్టెన్ గారూ, మీ భార్య పోయిన దుఃఖంలోంచి తేరుకున్నారని తలుస్తాను. మీరు చెప్పిన ఖాతాకి డబ్బు పంపాను, అందిందా?" నా చావు కబురు నేనే చదువుకున్నాను. తర్వాత వచ్చినవాటిల్లో చాలామట్టుకు క్యాన్సర్‌తో పోయాను. ఒకావిడకి మాత్రం కారు ప్రమాదంలో పోయాను. అందరికీ జవాబు రాశాను: ఆ చనిపోయిన భార్యని నేనే, బతికే ఉన్నాను, దయచేసి ఇంక పైసా పంపకండి. అక్కణ్ణుంచి వాళ్ళ ఏడుపులూ, ప్రశ్నలూ. వినగా వినగా వాడి పద్ధతి నాకు వంటలాగా వచ్చేసింది. పేజీలోంచి వేరే చోటికి పిలుస్తాడు, అక్కడైతే ఎవరూ చూడరని. మొహం చూపించి మాట్లాడమంటే కెమెరా పాడైందంటాడు. మనిద్దరి సంగతి నీ పిల్లలకి చెప్పొద్దు, వాళ్ళు అసూయపడతారంటాడు. కలుద్దామని బయల్దేరిన రోజునే ఆపద ముంచుకొస్తుంది, ఆ ఆపదకి డబ్బు కావాలి, ఇవాళే కావాలి. ఇవన్నీ ఓపిగ్గా రాసి పంపేదాన్ని. కొందరు దణ్ణం పెట్టారు. ఒకావిడ మాత్రం "నువ్వు ఆయన్ని వదలకుండా పీక్కుతింటున్న పాత పెళ్ళానివి, నాకు తెలుసు" అని తిట్టిపోసింది. ఆవిడ ఎంత పోగొట్టుకుందో నాకు తెలియలేదు.

పోలీసులు రాసుకున్నారు. చేసినవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదన్నారు. నిజమైన కెప్టెన్ కెమెరా ముందు నిలబడి, నా ఫోటోలు వాడుకుంటున్నారు జాగ్రత్త అని నాలుగు మాటలు చెబితే మంచిదన్నారు. అస్గేర్‌ని అడిగాను. అడగడమేమిటి, బతిమాలాను.

"నేను వెళ్ళి, అమ్మా, నేను మీ ప్రియుణ్ణి కాను మొర్రో అని ఊరంతా వినేట్టు అరవాలా? రేవులో కుర్రాళ్ళు నవ్వరూ?"

"వాళ్ళ ఇళ్ళు పోతున్నాయి అస్గేర్."

"బుద్ధి లేనివాళ్ళకి నేనేం చెయ్యను?"

అత్తగారు కాఫీలో చక్కెర కలుపుకుంటూ అందుకుంది. "వాడు అందంగా ఉండటం వాడి తప్పా ఏవిటి? ఆ వయసులో మగాడి కోసం వెంపర్లాడే ఆడవాళ్ళననాలి గానీ."

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు వెంపర్లాడింది మగాడి కోసం కాదు. "ఇవాళ తిన్నావా? కాళ్ళ నెప్పులు తగ్గాయా?" అని అడిగే ఒక్క ప్రాణి కోసం. వాడు వాళ్ళ మెడ మీద ముద్దులేమీ పెట్టలేదు, తిన్నావా అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి ఇన్ని కొంపలు పోతున్నాయంటే దేశంలో ఎన్ని ఇళ్ళల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదో ఎవరైనా లెక్క తీశారా? ఈ మాట పైకి అనలేదు. అంటే "నిన్నిప్పుడు ఎవరు పస్తులుంచారు?" అంటారు.

పైగా మరొకటి జరిగింది. జిల్లా పత్రికవాళ్ళు పేజీ చదివి మురిసిపోయి, ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చారు. "ఇంత సున్నితంగా ఎలా రాస్తారు కెప్టెన్ గారూ?" అని అడిగింది ఆ అమ్మాయి. అస్గేర్ కిటికీలోంచి సముద్రంకేసి చూసి, "ఏదో, తీరిక దొరికితే రాసుకుంటూ ఉంటాను" అన్నాడు. నేను పక్కనే వాళ్ళ కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ రోజు రాత్రి అడిగితే, "చందాల కోసమే కదా, నువ్వు రాశావని చెబితే ఎవడిస్తాడు?" అని అటు తిరిగి పడుకున్నాడు.

హామర్ ఆవిడ శనివారం మధ్యాహ్నం ఫెర్రీలో దిగింది.

శనివారాలు మేము, అంటే సంఘంలోని భార్యలం, పడవకి చందా కోసం రేవులో వాఫెల్స్, అదే గళ్ళ తియ్యట్లు, పోసి అమ్ముతాం. మగవాళ్ళు పడవ కడిగి, వచ్చి తింటారు. నా చేతులకి మోచేతుల దాకా పిండి. ఆవిడది నీలం కోటు, చిన్న పెట్టె, కొత్తగా కత్తిరించుకున్న జుట్టు. ఒక వాఫెల్ కొనుక్కుని, డబ్బిచ్చి, అప్పుడు అడిగింది. "కెప్టెన్ అస్గేర్ గారి ఇల్లు ఎటువైపండీ?"

ఆ గొంతులోనే తెలిసిపోయింది నాకు. "ఆయనతో ఏం పనండీ?"

"పనేం లేదు. ఆయనిప్పుడు ఊళ్ళో లేరుగా, దూరదేశంలో ఏదో రేవులో ఓడని ఆపేశారట. నన్ను రావద్దనే అన్నారు. కానీ ఆయన నాకు రాసిన మీ దీవి కిటికీలు ఒక్కసారి చూసి వెళ్ళిపోదామని." సిగ్గుపడుతూ నవ్వింది. "నా పేరు సిస్సెల్."

నేను నోరు తెరిచేలోపు అస్గేర్ పడవలోంచి ఎర్రటి డ్రెస్సులో మెట్లెక్కి వచ్చాడు, వెనకాల కోరె. ఆవిడ చూసింది. చేతిలో వాఫెల్ అలాగే ఉండిపోయింది.

"మీరు... ఎప్పుడొచ్చారు?" అంది.

అస్గేర్‌కి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. "అయ్యయ్యో, మీకూ నేనే దొరికానా?" అన్నాడు, అందరికీ వినబడేట్టు. "ఏం చెయ్యనండీ, మా అమ్మ నన్నిలా కనేసింది!"

"లైన్లో నిలబడండమ్మా" అన్నాడు కోరె. "మీ ముందు చాలామందున్నారు."

రేవంతా నవ్వింది. నా పక్కన వాఫెల్స్ పోస్తున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. సిస్సెల్ మొహంలో రక్తం లేదు. ఆవిడ నవ్వుతున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూస్తోంది, ఎవరో ఒకరు ఇది వేళాకోళమని చెబుతారేమోనని. ఇన్నాళ్ళూ సందేశాల్లో ఏడ్చిన ఆడవాళ్ళందరికీ నేను మొహం ఊహించుకోలేదు. ఇప్పుడు ఒకటి కనిపించింది. నాకు కోపం వచ్చిందని చెబితే చాలదు. ఆ వేడి ఇనప పెనం తీసి మొగుడి మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఏప్రన్ విప్పి బల్ల మీద పడేశాను.

"మీ వాఫెల్స్ మీరు పోసుకోండి" అని చెప్పి, ఆవిడ పెట్టె నేను పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

వంటింట్లో అత్తగారు కాఫీ కోసం కూర్చుని ఉంది. ఎవరే ఈవిడ అంటే, మీ అబ్బాయి ఫోటోతో మోసపోయిన మనిషి అని చెప్పాను. ఆవిడ పెదవి విరిచింది. నేను సిస్సెల్‌కి కాఫీ పోసి ఉన్నదున్నట్టు చెప్పాను. నేను ఎవరినో, వాడు ఎన్నిచోట్ల నన్ను చంపాడో, ఎంతమందిని ముంచాడో. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది.

"సరేనండీ. మొహం ఆయనది కాదు, ఒప్పుకున్నాను. పేరు కూడా కాదు. ఆ మొరటు మనిషిని చూశాక ఆయన కాకపోవడమే నయం అనిపించింది, ఏమీ అనుకోకండి. కానీ రాసే మనిషి ఎవరో ఒకరున్నారు కదా? తన మొహం బాగుండదని భయపడి ఈ మొహం పెట్టుకున్నారేమో. మొహానికేముంది? మా ఆయనది మంచి మొహమే. ఇరవై ఏళ్ళు కాపురం చేసి, మా అమ్మ మంచాన పడితే, ముసలి కంపు నా వల్ల కాదని వెళ్ళిపోయాడు." ఫోన్ తీసింది. "ఇది రాసిన మనిషి దొంగ ఎలా అవుతాడండీ? మీరే వినండి."

చదివింది. "రేవులోకి తిరిగొస్తూ దీవిలో వెలుగుతున్న కిటికీలన్నీ చూసుకుంటాను. ఒక్క కిటికీ చీకటిగా ఉన్నా మనసు ఆగదు. లోపలి మనిషి తిన్నదో లేదో, ఒంట్లో ఎలా ఉందో..."

చేతిలో కాఫీ కూజా బల్ల మీద పెట్టేశాను.

"కొండ మీద మా అమ్మ వదిలిన చెక్క ఇల్లు అమ్మేశాను" అంది సిస్సెల్. "ఆ డబ్బొచ్చింది. సోమవారం పంపేస్తాను. ఆ రేవు నుంచి బయటపడ్డాక ఆయనే నిజం చెబుతారు. నేను క్షమించేస్తాను."

వీధి తలుపు తెరుచుకుంది. అస్గేర్. "యోరున్, అక్కడ పిండి పొంగిపోతోంది, జనం నిలబడి ఉన్నారు, నువ్వేంటి ఇక్కడ..." అని, మా మొహాలు చూసి ఆగాడు.

"ఆ మాటలు నావి" అన్నాను నేను.

సిస్సెల్ నావంక చూసింది.

"వాడు రాసినవి కావు. పడవ పేజీలోంచి ఎత్తుకుపోయాడు. ఆ పేజీలో రాసేది నేను."

"ఇప్పుడవన్నీ ఎందుకే" అన్నాడు అస్గేర్ నెమ్మదిగా. పత్రికవాళ్ళ కోసం సముద్రంకేసి చూసిన మనిషి ఇప్పుడు నేలకేసి చూస్తున్నాడు.

"మీరు నా డబ్బు కాపాడాలని చెబుతున్నారు" అంది సిస్సెల్. "మంచివారు. కానీ నేను నమ్మను."

నమ్మదు. నేనైనా నమ్మను. అప్పుడు తట్టింది నాకు. "కిటికీల తర్వాత పిట్ట సంగతి పంపాడా?"

"ఏ పిట్ట?"

"వాడు వరసగా ఎత్తి పంపుతున్నాడు. కిటికీల తర్వాత నేను పిట్ట గురించి రాశాను. మనసు బాగాలేదు, ఓదార్పుగా ఏదైనా రాయమని వాడికి పంపండి."

ఆవిడ నన్నోసారి చూసి, పంపింది. మేం ముగ్గురం ఆ బల్ల చుట్టూ కూర్చుని ఫోన్‌కేసి చూశాం. అస్గేర్ మాత్రం నిలబడే ఉన్నాడు. ఫోన్ మోగింది. సిస్సెల్ చదవడం మొదలుపెట్టింది, నేను ఆవిడతోపాటే, ఫోన్ చూడకుండా, చెప్పుకుంటూ పోయాను.

"అలిసిపోయిన చిన్న పిట్ట ఒకటి పడవ మీద వాలింది. ఎక్కణ్ణుంచి ఎగిరొచ్చిందో. ఒడ్డు చేరేదాకా ఇంజన్ నెమ్మదిగా నడిపాను. దానికి నేను చెయ్యగలిగిందల్లా తొందరపెట్టకపోవడమే."

సిస్సెల్ సగంలోనే ఆపేసింది. చివరిదాకా చెప్పింది నేనొక్కదాన్నే.

"అది మా వాడు రాసింది కదే?" అంది అత్తగారు. "పత్రికలో వేశారు. కత్తిరించి పాటల పుస్తకంలో పెట్టుకున్నాను. మా వాడి మనసు ఇంత మెత్తనిదా, పైకి కనబడడు గానీ అని, రోజూ తీసి..." కొడుకు మొహంలోకి చూసింది. "నువ్వు కాదూ?"

అస్గేర్ తేలు కుట్టిన దొంగలా గోడకేసి తిరిగాడు.

"పిట్ట వాలిన మాట నిజమేనా?" అని అడిగింది సిస్సెల్. ఆవిడకి ఇంకా ఏదో ఒక్కటైనా మిగలాలి.

అబద్ధం చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. "వాలింది. కోటు మీద రెట్ట వేసిందని ఈయన దాన్ని తరిమేశాడు. ఆ కోటు ఉతికింది నేను. ఉతుకుతూ, ఇంజన్ నెమ్మదిగా నడిపి ఉంటే ఎంత బావుండేది అనుకున్నాను. అదే రాశాను. కిటికీ కూడా అంతే. ఈయన ఏ కిటికీకేసీ చూడడు. నేను లోపల కూర్చుని, చూస్తే బావుండునని రాశాను." ఆవిడ వైపు తిరిగాను. "మీరు ప్రేమించిన మనిషిని ఆ దొంగ తయారుచెయ్యలేదు సిస్సెల్. నేను తయారుచేసుకున్నాను. ఇన్నేళ్ళూ నేను కూడా ఆ మనిషితోనే కాపురం చేస్తున్నాను."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. అత్తగారు లేచి, మోకాళ్ళు పట్టుకుని, అవతలికెళ్ళి ఆవిడకి నీళ్ళు తెచ్చిచ్చింది. నేను ఈ ఇంటికొచ్చిన తర్వాత ఆ చేతులతో ఎవరికీ నీళ్ళివ్వగా చూడలేదు. ఏడుపయ్యాక సిస్సెల్ ఫోన్ తీసుకుని, అందులోంచి వాణ్ణి తీసేసి, కోటు గుండీలు పెట్టుకుంది. సాయంత్రం ఫెర్రీకి ఇంకా టైముంది, కూర్చోమన్నాను. కూర్చుంది.

"సరే, అయిందేదో అయింది" అన్నాడు అస్గేర్. "ఆవిడ డబ్బు మిగిలింది కదా. ఇంక ఇది మనలో మనకే. రేవులో అందరూ నీకోసం చూస్తున్నారు, పద."

సిస్సెల్ డబ్బు మిగిలింది. రేపు ఇంకొకావిడ ఇంకో ఊళ్ళో ఆయన పన్ను చూస్తుంది, ఉన్నాడు కదా అని నిమ్మళిస్తుంది. నేను కంప్యూటర్ ముందు పెట్టుకుని పేజీ తెరిచాను. పత్రికవాళ్ళు తీసిన ఫోటో, ఆ సముద్రంకేసి చూసే ఫోటో, పైన పెట్టాను.

"ఏం రాస్తున్నావ్?" అన్నాడు. "యోరున్, ఏం రాస్తున్నావ్ నువ్వు? సంఘాన్ని అడక్కుండా..."

ఈసారి ఎవరినీ అడగలేదు.

"నా పేరు యోరున్. కెప్టెన్ భార్యని, చనిపోలేదు. ఈ పేజీలో ఇన్నేళ్ళుగా మీరు చదివిన ప్రతి మాటా నేను రాసింది. ఈ ఫోటోలో ఉన్న మనిషి మీలో ఎవరికీ, ఎప్పుడూ, ఒక్క ప్రేమమాట రాయలేదు. నాక్కూడా."